టైమ్‌కీపర్ నెత్తిన వేసుకున్న ఏడు పరుగులు

మా టైమ్‌కీపర్ పోయాడు. పోయిన మంగళవారం పొద్దున, మదీనత్ అల్ షమాల్ కూలీల క్యాంపులో, డ్యూటీ బస్సు మెట్టు మీద కూలబడ్డాడట. బస్సెక్కే వాళ్ళ తలలు లెక్కపెట్టడం ఆయన పని. ఆ రోజు ముప్పై ఎనిమిది దాకా లెక్కపెట్టి ఆగిపోయాడని చెప్పారు. ఈ కబురు నాకు పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఒక గులాబీ బొమ్మ, దాని పక్కన ఇంగ్లీషులో రెండు మాటలు, కింద వరసగా నలభై దండాలు. ఆ దండాలు పెట్టిన చేతులు చాలావరకు నేనెరిగినవే. నాలుగేళ్ళ కిందట ఒక సోమవారం పొద్దున అవే చేతులు బల్లలు చరిచి నవ్వాయి. అక్కడ నేనూ ఉన్నాను. నవ్వలేదు. అంతకు మించి నేను చేసిందీ లేదు.

నేను ఈ గల్ఫ్ దేశంలోనే, అల్ రయ్యాన్‌లో ఒక నిర్మాణ కంపెనీ ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు డాక్యుమెంట్ కంట్రోలర్‌గా చేశాను. డ్రాయింగులకీ ఉత్తరాలకీ నంబర్లు వేసి బీరువాల్లో పెట్టే పని. తీరిక ఎక్కువ. ఆ తీరికలో రష్యన్ నవలల అనువాదాలు చదివాను, చరిత్రలు చదివాను, బల్ల సొరుగులో ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది. అందువల్ల ఆఫీసులో నన్ను పండితుడనేవారు. ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది. ఇప్పుడు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. పుస్తకాలు పక్క గదిలో అట్టపెట్టెల్లో ఉన్నాయి.

టైమ్‌కీపర్‌ది జగిత్యాల వైపు పల్లె. పదో తరగతి దాకా చదివాడు. సెంట్రింగ్ పనికి వచ్చి, లెక్క ఖచ్చితంగా ఉంటుందని టైమ్‌కీపర్ అయ్యాడు. చొక్కా జేబుకి దారంతో కట్టిన పెన్ను, చంకలో పొడుగాటి రూళ్ళ పుస్తకం. బస్సు గుమ్మంలో నిలబడి, ఎక్కే ప్రతి మనిషి హెల్మెట్టు మీదా పెన్నుతో చిన్నగా తట్టేవాడు. తట్టినప్పుడల్లా పుస్తకంలో ఒక నిలువు గీత. మిగతా టైమ్‌కీపర్లు ఫోనులో నొక్కుకునేవారు. ఈయన గీతలు వదల్లేదు. "ఫోన్ల నంబరు మారుస్తే ఎవనికి ఎరుక సారు? గీత కొట్టేస్తే మాత్రం కనవడ్తది," అనేవాడు. కూలీలకు ఆయన గీత మీద గురి. ఆయన గీశాడంటే ఆ మనిషి వచ్చినట్టే, గీయలేదంటే రానట్టే. దాని మీద తగువు పడ్డవాళ్ళను నేను చూడలేదు.

మా ఇద్దరికీ స్నేహం కలిపింది బేస్‌బాల్. నవ్వొస్తుందని తెలుసు. మా ప్రాజెక్ట్ మేనేజర్ ఒక అమెరికన్. ఇల్లూ వాకిలీ మీద బెంగ పడే రకం కాదు కానీ బేస్‌బాల్ మీద పడ్డాడు. ఆఫీసులో ఆరు జట్లతో ఒక ఫాంటసీ లీగ్ పెట్టాడు. అమెరికాలో నిజంగా ఆడే ఆటగాళ్ళలో మనకు కావలసిన వాళ్ళను కాగితం మీద మన జట్టులోకి తీసుకోవాలి. వాళ్ళు అక్కడ ఎలా ఆడితే ఇక్కడ మన జట్టుకు అలా పాయింట్లు. వారానికి ఒక జట్టుతో పోటీ. ఒక్కో రకం లెక్కకి ఒక్కో గడి. బ్యాటింగ్‌కి అయిదు గడులు, బంతి విసిరే పిచ్చర్లకి అయిదు గడులు, ఎక్కువ గడులు గెలిచినవాళ్ళది ఆ వారం. అంతా ఆఫీసు కంప్యూటర్‌లో ఒక ఎక్సెల్ ఫైలు. కప్పు కూడా లేదు. ఆయన చిన్నప్పటి బంతిని పచ్చడి సీసా మూత మీద నిలబెట్టి అదే బహుమతి అన్నాడు.

ఆయన బలవంతం మీద నేను ఒక జట్టు తీసుకున్నాను. బ్యాట్స్‌మన్ల సంగతి నాకు క్రికెట్ వల్ల కొంత అర్థమయ్యేది. పిచ్చర్ల పట్టిక చూస్తే మాత్రం తల తిరిగేది. ఒకరోజు హాజరు పట్టీలు ఇవ్వడానికి వచ్చిన టైమ్‌కీపర్ నా బల్ల మీద ఆ కాగితం చూసి, వంగి, గడుల మీద వేలు పెట్టుకుంటూ చివరిదాకా చూశాడు.

"గిది మన హాజరు పట్టీ లెక్కనే ఉన్నది గద సారు," అన్నాడు.

"ఆట అయ్యా ఇది. నీకు తెలుసా?"

"ఆట తెల్వది. పట్టీ తెలుస్తది."

వారం తిరిగేసరికి పిచ్చర్లందరూ ఆయన చేతిలో ఉన్నారు. ఆయన జీవితంలో ఒక్క బేస్‌బాల్ ఆట కూడా పూర్తిగా చూడలేదు. రోజూ పొద్దున్నే బస్సు దిగి, టీ గదిలో కరక్ చాయ్ పట్టుకుని, ముందు రోజు అంకెలు చూసి పుస్తకంలోకి ఎక్కించేవాడు. పిచ్చర్ ఒక మనిషిని ఔట్ చేస్తే ఒక గీత. మూడు గీతలకు ఒక అడ్డగీత కొడితే ఒక ఇన్నింగ్స్. పిచ్చర్లను "మన పోరగాళ్ళు" అనేవాడు. ఒకసారి విసిరిన పిచ్చర్‌కి నాలుగు రోజులు విశ్రాంతి ఇస్తారని తెలిసిన రోజు ఆయన మొహం చూడాలి.

"నాలుగు రోజులా? ఒక్క దినం బాల్ ఏసినందుకా?" అని పక్కనున్న సెంట్రింగ్ మేస్త్రీ భుజం మీద చరిచాడు. "ఇనవడ్డదా రా? నీకు శుక్రారం సెలవే గగనమైతున్నది."

"అయితే నన్ను గూడ దించు కాకా నీ జట్టుల," అన్నాడు మేస్త్రీ. "బాల్ కాదు, ఇటుకనే ఇసురుత."

ఆ ఆటలో ఆయనకి అన్నిటికంటే నచ్చినది ఒక నియమం. పిచ్చర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడన్నది ఒక గడి. అందులో, ఫీల్డర్ బంతి జారవిడవడం వల్ల వచ్చిన పరుగును పిచ్చర్ పేరు మీద రాయరు. పరుగు పరుగే, ఎదుటి జట్టుకు లాభమే, కానీ పిచ్చర్ సగటు చెడదు. ఆ మాట అమెరికన్ చెప్పినప్పుడు టైమ్‌కీపర్ నన్ను రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాడు. తర్వాత తనే ఒక పద్ధతి పెట్టుకున్నాడు. మామూలు పరుగుకు ఒక చుక్క. ఇతరుల తప్పు వల్ల వచ్చిన పరుగైతే ఆ చుక్క చుట్టూ సున్నా, కింద ఆ తప్పు చేసినవాడి పేరు.

"ఒకని తప్పు ఇంకొకని మీద రాయరు సారు," అనేవాడు. "గిసొంటి ఆట నేనెక్కడ సూడలే."

మూడు సీజన్లు అలా గడిచాయి. నా బల్ల దగ్గర నిలబడే చాయ్ తాగేవాడు, కుర్చీ చూపిస్తే కూర్చునేవాడు కాదు. నారింజపండు తెస్తే సగం నాకు పెట్టి తొక్కలు తన జేబులో వేసుకునేవాడు. నేను చదివిన కథలేవో చెప్పేవాణ్ణి. శ్రద్ధగా విని, చివర్న "అయితే తప్పెవలిది సారు?" అని అడిగేవాడు. నవలలు అలా చదవకూడదని విసుక్కునేవాణ్ణి. ఇప్పుడాలోచిస్తే, నా చదువంతటిలో అంత మంచి ప్రశ్న నేను వేసుకున్నది లేదు.

ఆ మూడో సీజన్‌లోనే అమెరికన్ వెళ్ళిపోతూ లీగ్‌ని ప్లానింగ్ ఇంజనీర్‌కి అప్పగించాడు. ఇతను హైదరాబాద్ కుర్రాడు. తెలివైనవాడు, ఆ తెలివి ఎదుటివాళ్ళకి కనబడుతోందో లేదో మాటిమాటికీ చూసుకునేవాడు. ఒక టైమ్‌కీపర్ ఆఫీసు లీగ్‌లో ఉండటం అతనికి కిట్టలేదు. పైకి మాత్రం "సాబ్, సాబ్" అనేవాడు. ఆ ఏడు ఫైనల్‌కి వచ్చినవి మా జట్టూ అతని జట్టూ.

ఆ వారం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది రాస్తున్నదే దానికోసం.

లీగ్‌లో ఒక షరతు ఉండేది. వారంలో మన పిచ్చర్లంతా కలిపి ఇరవై ఇన్నింగ్స్ తప్పనిసరిగా విసరాలి. ఒక్కటి తగ్గినా పిచ్చింగ్ గడులన్నీ పోతాయి. ఇరవై నిండాక ఇంకొకణ్ణి దించడం మన ఇష్టం. కాని దించినవాడు దెబ్బతింటే సగటు పాడవుతుంది. శనివారం ఆట ముగిసేసరికి మేము ఆరు గడులు గెలుస్తున్నాం, అతను నాలుగు. ఆదివారం ఆట మిగిలింది. ఆ రోజు ఎవరు ఆడాలో సాయంత్రం నాలుగు లోపల ఫైలులో పెట్టాలి.

ఆదివారం పొద్దున షమాల్ సైట్‌కి పోతూ టైమ్‌కీపర్ బస్సు కిటికీలోంచి నన్ను పిలిచాడు. "సారు, ఇరవై నిండినయ్. ఇయ్యాల ఎవ్వర్నీ దించకుండ్రి. ముసలోనికి మోచెయ్యి నొస్తున్నదట, వాన్ని అసలే ముట్టకుండ్రి."

ముసలోడంటే మా జట్టులో ముప్పై తొమ్మిదేళ్ళ పిచ్చర్. అందరూ వదిలేస్తే టైమ్‌కీపరే ఏరుకుని తెచ్చుకున్నాడు. సరే అన్నాను. బస్సు కదిలింది.

మూడున్నరకి నాకు తోచక ఫైలు తెరిచాను. మా నలుగురు పిచ్చర్ల పక్కన అంకెలున్నాయి. ఆరు పాయింట్ రెండు, అయిదు పాయింట్ రెండు, నాలుగు పాయింట్ రెండు, మూడు. కలిపాను. పద్దెనిమిది పాయింట్ ఆరు వచ్చింది. మళ్ళీ కలిపినా అంతే. ఇరవై నిండలేదు! పదో తరగతి మనిషి, గీతలు గీసుకునే మనిషి, తప్పు లెక్కేశాడు, అనుకున్నాను. అనుకోవడంలో కొంచెం తృప్తి కూడా ఉంది, దాచను. ఫోన్ చేశాను. సైట్‌లో పనివేళ ఫోన్లు గేటు దగ్గర పెట్టాలి, నాలుగున్నరకు గానీ ఇవ్వరు. ఆ సంగతి తెలిసే రెండుసార్లు చేశాను. ఆ రోజు ఆడవలసిన పిచ్చర్ మాకు ఒక్కడే ఉన్నాడు, ముసలోడు. నాలుగుకి అయిదు నిమిషాలుండగా అతని పేరు ఎక్కించాను.

బేస్‌బాల్‌లో పాయింట్ తర్వాత అంకె పదో వంతు కాదు. ఒకటి అంటే ఒక మనిషి ఔట్, రెండు అంటే ఇద్దరు ఔట్. అంటే మూడో వంతులు. ఆరు పాయింట్ రెండు అంటే ఇరవై గీతలు. ఆ లెక్కన మా నలుగురివీ కలిపితే సరిగ్గా అరవై గీతలు, ఇరవై ఇన్నింగ్స్. మొదటి వారమే టైమ్‌కీపర్ ఈ సంగతి నాకు చెప్పాడు. నేను తలూపాను. సొరుగులో పుస్తకం సగంలో ఉంది, వినలేదు.

ముసలోడు ఒక్క ఇన్నింగ్స్‌లో ఏడు పరుగులు ఇచ్చాడు. సగటు లెక్కల గడులు రెండూ తారుమారయ్యాయి. ఆరు మాది, నాలుగు అతనిది కాస్తా నాలుగు మాది, ఆరు అతనిది అయింది.

సోమవారం పొద్దున టీ గదిలో ప్లానింగ్ ఇంజనీర్ ఫైలు ప్రింటు తీసి గోడకు అంటించాడు. ఆఫీసంతా అక్కడే ఉంది. టైమ్‌కీపర్ అప్పుడే బస్సు దిగి వచ్చాడు.

"ఏం టైమ్‌కీపర్ సాబ్, ఇరవై అప్పటికే ఉన్నయ్ కదా! మళ్ళ ఆ ముసలోన్ని ఎందుకు దించినవ్?" అన్నాడు ఇంజనీర్. "మూడో ఎక్కం యాద్ లేదా? యల్లా, స్కూల్‌కి పో మళ్ళ."

బల్లలు చరిచి నవ్వారు. ఎవరో "కాకా, మాఫీ ఇన్నింగ్స్" అని, ఇన్నింగ్స్ లేవు పొమ్మని అరబ్బీ కలిపి అరిచారు. పిచ్చర్లు ఆయన బాధ్యత అని అందరికీ తెలుసు, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. టైమ్‌కీపర్ గోడ మీద కాగితం చదివాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను కాగితం కప్పులోకి చూస్తున్నాను. చాయ్ మీద మీగడ కట్టింది, దాన్ని చెంచాతో ఒక పక్కకి నెట్టాను. అది కూడా గుర్తుంది నాకు.

"నేనే దించిన సార్," అన్నాడు ఆయన ఇంజనీర్‌తో. "లెక్క తప్పిన."

ఆ మాట నేను అనవలసింది. అప్పుడు ఆఫీసు వాళ్ళ ముందు ఒక్క మాటతో పోయేది. పండితుడికి మూడో వంతులు రావని నవ్వేవాళ్ళు, మర్నాటికి మరిచిపోయేవాళ్ళు. నేను చాయ్ పూర్తిగా తాగి కప్పు చెత్తబుట్టలో వేసి బీరువాల దగ్గరికి వెళ్ళిపోయాను.

ఆట ఆటతో పోలేదు. ఇంజనీర్ ఆ వేళాకోళాన్ని మీటింగుల్లోకి తీసుకెళ్ళాడు. మూడు మూళ్ళు ఎంతో రాని వాడి హాజరు పట్టీలు ఎలా నమ్ముతాం అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పై ఆఫీసుకు నవ్వు అర్థం కాదు, అనుమానం అర్థమవుతుంది. రెండు నెలలు ఆయన పట్టీలను ఇంకొకరు మళ్ళీ లెక్కపెట్టారు. ఒక్క తప్పూ దొరకలేదు. దొరకలేదన్న కబురు ఎవరూ గోడకు అంటించలేదు. బస్సులో కూలీలు కూడా "కాకా, నా గీత గీసినవా? పక్కానా?" అని అడగడం మొదలుపెట్టారు. సరదాకే. ఆయన మాత్రం ప్రతివాడికీ పుస్తకం తిప్పి చూపించేవాడు.

ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చి, "ఇగ పోరగాళ్ళను మీరే సూసుకోండ్రి సారు. నన్ను షమాల్‌కే ఏసిండ్రు," అన్నాడు. నారింజపండు పూర్తిగా నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

షమాల్ ఎంత దూరం? కారులో గంట. ఈ నాలుగేళ్ళలో మా అల్లుడు ఎన్నోసార్లు అటు తీసుకెళ్తానన్నాడు. ఎండ అన్నాను, దుమ్ము అన్నాను, మోకాళ్ళన్నాను. వెళ్ళి ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకున్నాను, దిద్దుకున్నాను. వాక్యం బాగా కుదిరిన రోజున చెప్పిన తృప్తి కలిగి ఊరుకునేవాణ్ణి. ఎక్కువ చదివినవాళ్ళకి ఈ రోగం ఉంటుంది.

శుక్రవారం పొద్దున ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లోనే ఒక విల్లా హాల్లో సంతాప సభ పెట్టారు. ప్లానింగ్ ఇంజనీర్ ఇప్పుడు మేనేజర్. అంకెల్లో నిజాయితీ అంటే ఏమిటో సాబ్ దగ్గర నేర్చుకున్నానన్నాడు. వెంటనే, "ఒక్క ఫైనల్ ఇన్నింగ్స్ తప్ప," అని చిన్నగా నవ్వాడు. అందరూ మెత్తగా, ప్రేమగా నవ్వారు. నేను లేచాను. కుర్చీ పట్టుకుని, ఆ పిచ్చర్‌ని దించింది నేనని, ఆయన వద్దన్నా దించానని, లెక్క రానిది నాకని చెప్పాను. నాలుగేళ్ళు దిద్దిన వాక్యాలేవీ రాలేదు, ముక్కలు ముక్కలుగా వచ్చింది.

తర్వాత మేనేజర్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "అంకుల్, ఎందుకు అంత ఎమోషనల్ అవుతున్నరు? ఎప్పుడో అయిపోయింది. గేమే కదా," అన్నాడు. ఎవరో సమోసా ప్లేటు నా చేతిలో పెట్టారు. ఆ నిజానికి ఇప్పుడు ఆ హాల్లో ఎవరికీ పని లేదు. పని ఉన్నవాడి శవపేటిక ముందురోజే విమానంలో వెళ్ళిపోయింది.

బయట చెప్పులు వేసుకుంటుంటే ఒక మనిషి వచ్చాడు. క్యాంపులో ఆయన గదిలోనే ఉండే బస్సు డ్రైవర్.

"డాక్యుమెంట్ సారు మీరేనా?"

"అవును. నా గురించి చెప్పేవాడా?"

"చెప్పకుంటనా? సారుకు తెల్వని పుస్తకం లేదనేటోడు." నవ్వు ఆపుకోలేక, "లెక్కలొక్కటే రావనేటోడు," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, కళ్ళు కూడా తడిశాయి. తనలో తను కూడా నా తప్పు దాచుకున్నాడేమో అనుకునేవాణ్ణి. ఇంటి మనిషి లాంటి వాడితో చెప్పుకుని నవ్వుకున్నాడని తెలిసి కొంచెం ఊపిరి ఆడింది.

డ్రైవర్ సంచిలోంచి ఆ పొడుగాటి పుస్తకం తీశాడు. "బట్టలు, ఫోను ఇంటికి పంపినం. గీ గీతలు ఇంట్ల ఎవలకు సమజైతయ్ సారు? మీరే ఉంచుకోండ్రి."

ఇంటికొచ్చి తెరిచాను. మూడు సీజన్ల గీతలు, మూడేసి కట్టలుగా, స్కేలు పెట్టి గీసినట్టు. ఫైనల్ వారం పేజీ వెతికాను. అరవై గీతలు ఉన్నాయి, ఇరవై అడ్డగీతలు ఉన్నాయి, పక్కన "నిండినయ్" అని రాసి ఉంది. దాని కింద ఆదివారం. ముసలి పిచ్చర్ పేరు, ఏడు చుక్కలు. ఏడింటి చుట్టూ సున్నాలు చుట్టి ఉన్నాయి. పిచ్చర్ మీద ఒక్కటీ వేయలేదు. కింద, తప్పు చేసినవాడి పేరు రాసే చోట ఒక గీత గీసి వదిలేశాడు. మిగతా పేజీల్లో ఆ గీత పొట్టిగా ఉంటుంది, ఫీల్డర్ పేరు ఇరికించి రాసేవాడు. ఇక్కడ పొడుగ్గా ఉంది. ఇంటిపేరుతో సహా నా పేరు పట్టేంత పొడుగు. ఆ గీత మీద ఏమీ లేదు.